నేను మోసిన చాడీ

పెటికోడియాక్ నదికి రోజుకు రెండుసార్లు మతి తప్పుతుంది.
సముద్రం వైపు పోతున్నదల్లా
ఠక్కున ఆగి, బురదరంగు అలనొకదాన్ని ముందు పెట్టుకుని
వచ్చిన దారినే వెనక్కి ఎక్కుతుంది.
ఏటికి ఎదురీదే మనుషులు ఎక్కడైనా ఉంటారు,
తనకు తానే ఎదురీదే ఏరు మాత్రం మా ఊళ్లోనే ఉంది.
చూసి చూసి అదీ వింత కాకుండా పోయింది మాకు.
గడియారం సరిచేసుకోవడానికి పనికొచ్చేది, అంతే.

జేలీ బూర్క్‌ది నా పక్క కౌంటర్.
నాలుగు ఆమెది, అయిదు నాది.
పంతొమ్మిదేళ్లు పక్కపక్కన నిలబడ్డాం.
ఫిబ్రవరిలో ఒక మంగళవారం, మంచుకు బేరాల్లేని పూట,
పాలసీసాల పెట్టె ఒకటి బోర్లించి
దాని మీద కూర్చుంది.
కూర్చునే బిల్లు కొట్టింది.
"పనిచేసేది చేతులు కదా, కాళ్లకెందుకు శిక్ష?" అంది.

ఎవరూ పోలీసుల్ని పిలవలేదు.
మాది అలాంటి దేశం కాదు.
మేనేజరు మెక్‌క్వారీ నవ్వాడు. మాంసం కోసేవాళ్లు నవ్వారు.
నేనూ నవ్వాను, మోకాళ్లు సలుపుతుండగానే.
లాఠీ లేని చోట ఆ పని నవ్వు చేసిపెడుతుంది.

ఆమె రసీదుల వెనక పెన్సిలుతో
కుర్చీ బొమ్మ గీసి ఇచ్చేది, అయిదారు గీతలు.
చాలామంది కార్ల దగ్గరే పారేసేవాళ్లు.
తడి మంచులో చిత్తుకాగితం ఎంత దూరం పోతుంది?
ఆ మాట ఊరంతా తిరిగింది దానివల్ల కాదు.

నావల్ల.

ఆ రాత్రి బూట్లు విప్పుతూ మా ఆయనతో అన్నాను,
"మహారాణికి కుర్చీ కావాలట."
ఒనెజీమ్ దాన్ని కర్లింగ్ ఆడేచోటికి మోసుకెళ్లాడు, ఎగతాళికే.
అక్కడ బస్సు డ్రైవరొకడు
"నేను కూర్చునే నడుపుతా, నన్నెవరూ సోమరి అనలేదే" అన్నాడట.
అనకుండా ఉండాల్సింది.
ఆదివారం ఫాదర్ ఆర్సెనో
సుఖం మరిగిన కాలం గురించి ప్రసంగం చేశాడు.
ఆమె పేరెత్తలేదు, కుర్చీ అని మాత్రం మూడుసార్లు అన్నాడు.
వింటున్న మేమంతా బెంచీల మీద కూర్చుని ఉన్నాం.

పేపర్లో ఒక వ్యాపారి ఖండిస్తూ ఉత్తరం రాశాడు.
ఖండించాలంటే ముందు ఆమె ఏమందో చెప్పాలి కదా,
చెప్పాడు, ఆమెకన్నా శుభ్రంగా.
మందుల షాపు ఆడపిల్లలు దాన్ని కత్తిరించి
పై సగం మాత్రం గోడకు అంటించుకున్నారు.

నగరసభలో ఓటుకొచ్చింది. తొమ్మిదికి రెండుతో ఓడింది.
మరుసటేడు ఎనిమిదికి మూడు.
ఈలోగా జేలీకి షిఫ్టులు తగ్గాయి.
తగ్గించామని ఎవరూ అనలేదు, కాగితం మీద అవే తగ్గాయి.
షెడియాక్‌లో లాబ్‌స్టర్లు ఒలిచే ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది.
అక్కడా నిలబడే.

కుర్చీలు వచ్చిన రోజు
రిబ్బను కత్తిరించింది మెక్‌క్వారీ.
"మేం మొదటినుంచీ" అని ఎత్తుకున్నాడు.
చప్పట్లు కొట్టాను. కూర్చుని కొట్టాను.
జేలీకి ఒక కార్డు రాద్దామనుకున్నాను,
బిళ్ల కూడా అంటించాను,
సొరుగులో ఉంది.

నిన్న పాలకోసం వెళ్తే
నాలుగో కౌంటర్లో ముక్కురింగు పిల్ల ఒకతి,
దర్జాగా కూర్చుని, పక్క కుర్రాడితో అంటోంది:
"మేయర్ని ఎన్నుకుంటున్నాం,
మేనేజర్ని ఎందుకు ఎన్నుకోం?"

ఒళ్లు మండింది.
చనువిస్తే చంకెక్కడమంటే ఇదే అనుకున్నాను.
చిల్లర లెక్కపెట్టుకోకుండా ఇంటికొచ్చి,
బూట్లయినా విప్పకుండా
మా చెల్లెలు యూజెనీకి ఫోన్ చేశాను,
"విన్నావా, ఈ కాలం పిల్లల పొగరు..."

మొత్తం చెప్పాను.
అవతల కాసేపు చప్పుడు లేదు.
"ఇంకోసారి చెప్పు," అంది,
"ఏమంది ఆ పిల్ల?"